కాలవ కట్ట మీద మూడున్నర అడుగుల సందు

మోకాళ్ళు మొరాయిస్తున్నాయని వెళితే డాక్టరు గారు రోజూ నాలుగు కిలోమీటర్లు నడవమన్నారు. ఉద్యోగమంతా ఫైళ్ళు నడిపించినవాణ్ణి, ఇప్పుడు నన్ను నేను నడిపించుకోవడమే కష్టంగా ఉంది. అయినా పొద్దున్నే బయల్దేరి, గుంటూరు శివారు కాలవ కట్ట మీద ఒకప్పుడు నేనే వేయించిన బాటలో మెల్లగా నడుస్తున్నాను. మొన్న అక్కడ మా మేనకోడలు టేపు పట్టుకుని ఎదురైంది. నేను చేసిన ఆఫీసులోనే ఇప్పుడు తను ఇంజనీరు, బాటని మళ్ళీ కొత్తగా వేయడానికి కొలతలు తీసుకుంటోంది.

"మావయ్యా, నీ డ్రాయింగులో ఈ రాళ్ళ మధ్య సందు రెండడుగులని ఉంది. ఇక్కడేమో మూడున్నర. ఏది తప్పు?" అంది.

డ్రాయింగే తప్పమ్మా అన్నాను. "అనుకున్నాలే" అంది, ఏమాత్రం మొహమాటం లేకుండా.

ఇరవయ్యేళ్ళు దాటిపోయింది. నడిచేవాళ్ళకీ, సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళకీ, బడిపిల్లలకీ అందరికీ కలిపి ఒకే బాట వేయమని మాకు పని వచ్చింది. లారీల రోడ్డు మీద పడకుండా జనం ఊళ్ళోంచి టౌను దాకా వెళ్ళాలన్నది ఉద్దేశం. మన నల్లరేగడి సంగతి మీకు తెలుసుగా, వానకి ఉబ్బుతుంది, ఎండకి నోళ్ళు తెరుస్తుంది. అందుకని అడుగున గ్రావెల్ దట్టంగా పరిపించి, రోలరు తిప్పించి, పైన సిమెంటు పోయించి, నీళ్ళు నిలవకుండా కాలవ వైపు కాస్త వాటం పెట్టించాను. ఎనిమిదడుగుల వెడల్పున అద్దంలా తయారైంది. అద్దంలో నా మొహమే చూసుకుంటూ ఒక్క సంగతి మరిచిపోయాను. మిరప పండే నేల మీద చదునుగా, శుభ్రంగా, ఎండ పడేలా ఏది వేసినా దాన్ని మనవాళ్ళు కల్లం అంటారు.

శివరాత్రి ఇంకా రాకముందే బాటంతా ఎండబోసిన మిరపకాయలతో ఎర్రబడింది. నడవడానికి వచ్చినవాళ్ళు తుమ్ముతూ, నన్ను తిడుతూ వెనక్కి పోయారు. నాకు పౌరుషం వచ్చింది. మార్టూరు నుంచి గ్రానైటు రాళ్ళు తెప్పించి బాటకి రెండు చివర్లా మూడేసి పాతించాలనీ, సందులోంచి మనిషీ సైకిలూ తప్ప మిరపకాయల బస్తాలు, అదే టిక్కీలు, వేసుకున్న బండేదీ దూరకూడదనీ రాత్రికి రాత్రి డ్రాయింగు గీశాను. రెండడుగులు లెక్క కట్టింది నా సొంత సైకిలు హ్యాండిలుని కొలిచి.

పాతే పని మా వర్క్ ఇన్‌స్పెక్టరు గారు చూశారు. నాకంటే పదేళ్ళు పెద్ద, ఆదివారం చర్చిలో ఎంత నెమ్మదిగా ఉంటారో సైటులోనూ అంతే. ఆ రోజు సందుని జానతో కొలిచి, మళ్ళీ కొలిచి, నా దగ్గరికొచ్చి నిలబడ్డారు. ఏమిటన్నాను. ఏం లేదు సార్ అన్నారు. అయితే గీసింది గీసినట్టు దించండి, సొంత తెలివి వద్దు అన్నాను. అలా అన్నానని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మర్నాడు ఆయన అక్కయ్య వచ్చారు. చర్చి బడిలో టీచరు. చిన్నప్పుడు పోలియో వచ్చి కాళ్ళు పోయాయి, చేత్తో తిప్పే మూడు చక్రాల బండి ఆవిడది. అప్పటిదాకా రోజూ లారీల మధ్యన తమ్ముడు వెనక నుంచి నెడితేనే బడికి వెళ్ళేవారు. బాట పూర్తయితే ఎవరూ నెట్టక్కర్లేకుండా తనంతట తాను వెళ్ళాలని గొలుసుకి నూనె పెట్టించుకుని కూర్చున్నారట. బండి వచ్చి రాళ్ళ దగ్గర ఆగిపోయింది. అదే సమయానికి నలుగురు ఆడవాళ్ళు మిరపకాయల గంపలు నెత్తిన పెట్టుకుని ఆ సందులోంచి దర్జాగా లోపలికి నడిచారు.

"ఏందండీ అట్టా చూస్తారు? రాళ్ళు బండికి గానీ గంపకి కాదుగా!" అందొకామె నాతో.

అక్కయ్య గారు మాత్రం నవ్వుతూనే, "ఇంజనీరు గారూ, లోపలికి వెళ్ళాలంటే నేను కూడా గంపలో ఎక్కాలాండీ?" అన్నారు.

ఇన్‌స్పెక్టరు గారి వైపు తిరిగి, మీకు ముందే తెలుసా అన్నాను. "తెలుసు సార్. డ్రాయింగులో అట్లాగే ఉందిగా సార్" అన్నారు. కోపంతో అనలేదు, అందుకే ఎక్కువ తగిలింది.

రాయి కదపాలంటే పైనుంచి అనుమతి రావాలి. రాశాను. పదకొండు రోజులు ఎదురుచూశాను. ఆ పదకొండు రోజులూ ఆయన అక్కయ్యని లారీల రోడ్డు మీద నెట్టుకుంటూ బడి దగ్గర దించి, చొక్కా తడిసిపోయి డ్యూటీకి వచ్చి, నాకు నమస్కారం పెట్టేవారు. పన్నెండో రోజు పొద్దున్న ఇక ఆ నమస్కారం తీసుకోలేక గునపం నేనే పట్టాను. నేను మూడు దెబ్బలకే ఆయాసపడుతుంటే కాయలు ఎండబోసుకునే ఆడవాళ్ళు వచ్చి, "జరగండి సార్, మీరు గీయండి, మేం తవ్వుతాం" అని గునపం లాక్కున్నారు. ఆవిడ బండి ఇరుసుని కొలిచి, రెండు చివర్లా నడిమి రాయిని పక్కకి జరిపి, ఒక్కో సందుని మూడున్నర అడుగులు చేశాం. బండి దూరింది. ఆడవాళ్ళు ఎవరూ చెప్పకుండానే కాయల్ని చీపుళ్ళతో ఒక పక్కకి ఊడ్చి దారిచ్చారు. అక్కయ్య గారు తుమ్ముతూ, వెనక్కి చూడకుండా, రెండు చేతులా తిప్పుకుంటూ బడికి వెళ్ళిపోయారు. అనుమతి ఇంతవరకూ రాలేదు.

ఇప్పుడు కాయలు పొలాల్లోనే టార్పాలిన్ పట్టాల మీద ఆరబోస్తున్నారు, బాట ఖాళీగానే ఉంటోంది. అక్కయ్య గారు రిటైరై మంగళగిరిలో ఉంటున్నారు. మా వయసువాళ్ళం కలిస్తే ఈ కాలం పిల్లలకి పెద్దలంటే భయం లేదు, మొహం మీదే తప్పంటారు అని చెప్పుకుంటాం. నేనూ తలూపుతాను. కానీ ఆ రోజు ఇన్‌స్పెక్టరు గారు జానతో కొలిచి వచ్చి నిలబడ్డప్పుడు, నన్ను ఒక్క కేక వేసి ఉంటే ఎంత బావుండేది! పండక్కి ఆయన ఫోను చేసినప్పుడల్లా ఆ మాట అడుగుదామనుకుంటాను. ఈలోగా ఆయనే, "నమస్కారం సార్, తమరెలా ఉన్నారు?" అంటారు. నా మోకాళ్ళ సంగతి చెప్పి ఫోను పెట్టేస్తాను.