పాలు పోసిన గూఢచారి

లైబ్రరీ పుస్తకాలతోనే చరిత్రంతా నేర్చుకున్నానని గర్వపడేవాణ్ణి కనుక, నా తప్పును నేనే రాసిపెట్టాలి.

హామిల్టన్ ఊరికి వెళ్లే బస్సులో ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాటం గురించి లైబ్రరీ పుస్తకం చదువుతున్నాను. "మాది అక్కడే," అంది పక్క సీటులోని ముసలావిడ.

"మమ్మల్నీ ఆ బ్రిటిష్‌వాళ్లే ఏలారండీ. ద్రోహుల్ని మీవాళ్లు కాల్చి మంచి పని చేశారు," అన్నాను.

"మా తాతనీ కాల్చారు. మెడలో 'గూఢచారి' అని అట్ట కట్టి రోడ్డు మీద పడేశారు. ఆయన బ్రిటిష్ పోలీసులకి పాలు పోసేవాడు, అంతే." తాత పేరు చెప్పి, "అందులో రుజువేమైనా రాశారేమో చూడు," అంది.

వెతికాను. అనుమానంతో కాల్చారని ఒక్క వాక్యమే ఉంది.

"రుజువేం లేదండీ."

"గూఢచారి కూతురని మా అమ్మని చచ్చేదాకా చర్చిలో వెనక బెంచీలోనే కూర్చోబెట్టారు," అని కిటికీ వైపు తిరిగింది.

ఆ పుస్తకం తెప్పించిన లైబ్రేరియన్ హెలెన్ గారికి, ఈ రాతను దిద్దిన సరళ గారికి కృతజ్ఞతలు. బస్సులోని ఆవిడ పేరు నేను అడగలేదు.