ఎల్లమ్మ కాచిన అవిసె జిగురు

ఉప్పుగూడ స్టేషన్ వెనక మా సందులో ఎల్లమ్మకు నాలుగు బర్రెలుండేవి. పాల వ్యాపారంలోకి రాకముందు ఆమె ఒక ప్రసూతి ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్లు ఆయాగా చేసింది. డాక్టరుకు చెప్పుకోలేనివి మేమంతా ఆమెకు చెప్పుకునేవాళ్లం. పాలు పోస్తూనే వినేది. ఒక గడపలో విన్నది ఇంకో గడపలో అనేది కాదు.

రెండువేల మూడులో మా మేడమీద వాటాలోకి ఉదయశ్రీ, శశిధర్ దిగారు. తెనాలి వైపువాళ్లు, ఇద్దరూ ఉద్యోగస్తులు. ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లకే గర్భసంచీ, అండాశయాలూ తీసేశారు. ఆ తర్వాత భర్త ఆమెను ముట్టుకోలేదు. "ఎండిన చెరువులో ఎవడు దిగుతాడు?" అన్నాడట ఒకసారి, అన్నం కలుపుకుంటూ.

ఆఫీసులో ఒక స్నేహితురాలు బొంబాయి నుంచి ఆమెకు రబ్బరు బొమ్మ తెచ్చిచ్చింది. ఆడవాళ్లు ఒంటరిగా సుఖపడటానికి వాడేది. దానితోపాటు ఒక జెల్లీ ట్యూబు. ట్యూబు మీది అక్షరాలు చదివి ఉదయశ్రీ దాన్ని పారేసింది. అందులో జెలటిన్ ఉంది, పశువుల తోళ్లూ ఎముకలూ ఉడికించి తీసే జిగురు. గుడ్డయినా తినని మనిషి, దాన్ని ఒంట్లోకి ఎలా పోనిస్తుంది? కొబ్బరినూనె రాసుకుంది. బొమ్మ జిడ్డు పట్టి కంపు కొట్టింది, ఆమెకు మంట పట్టుకుంది. ఏడుస్తూ ఎల్లమ్మతో చెప్పుకుంది. ఇదంతా చాలాకాలం తర్వాత ఉదయశ్రీయే నాతో చెప్పింది.

ఎల్లమ్మ ఛీ అనలేదు. "అమ్మా, రబ్బరుకు నూనె పడది. సబ్బుతోని కడిగి నిరోధ్ తొడుగు. నూనె తాకితే నిరోధ్ గూడ చినుగుతది. నీళ్ల జిగురే కావాలె. నేను చూస్త, ఫికర్ చెయ్యకు," అంది.

ముందు చైనాగ్రాస్ కాచింది, రంజాన్ నెలలో మిఠాయికి వాడే సముద్రపు నాచు. అది గడ్డకట్టి పలుకులు పలుకులైంది. వేళ్ల మధ్య రుద్ది, "గరుకున్నది, గీరుకపోతది," అని పారబోసింది. తర్వాత గుప్పెడు అవిసె గింజలు నీళ్లలో మరిగించి, వేడి మీదే మల్లుగుడ్డలో వడగట్టింది. తీగలు తీగలుగా జారింది. రెండు రోజులు తన మోచేతికే రాసి చూసుకుంది.

"చక్కెర, అత్తరు ఏం కలుపకు. ఫ్రిజ్జుల పెట్టు. నాలుగొద్దులు దాటితే పారబొయ్యి," అని సీసా చేతిలో పెట్టింది.

ఉదయశ్రీకి మంట తగ్గింది. కాన్పుల తర్వాత, ముట్లుడిగాక బాధపడే ఏడెనిమిదిమందికి కూడా ఎల్లమ్మ ఆ జిగురు ఇచ్చింది. వాళ్లలో నేనొకదాన్ని.

ఒక ఆదివారం పొద్దున శశిధర్ పెరుగు కోసం ఫ్రిజ్ తీశాడు. సీసా ఏంటని అడిగితే ఆమె తడబడింది. బీరువా అంతా తిరగేశాడు, బొమ్మ దొరికింది. దెబ్బలు కింద మాకు వినిపించాయి. తర్వాత ఉదయశ్రీ కేక: "ఎల్లమ్మే ఇచ్చిందండీ! అన్నీ ఎల్లమ్మే ఇచ్చింది!"

అతను సీసా, బొమ్మ పట్టుకుని సందులోకి దిగాడు. నిమిషాల్లో జనం. ఎల్లమ్మను బర్రెల కొట్టంలోంచి జుట్టు పట్టి ఈడ్చుకొచ్చింది ఎవరో కాదు, కన్నకొడుకు బాలనర్సింహ.

"గా బొమ్మ సంగతి నాకెర్క లేదు సారూ. జిగురొక్కటే నేను కాచిన. అవిసె గింజలది, తినేటిదే," అంది ఎల్లమ్మ.

"తినేదైతే తాగు," అన్నాడు శశిధర్.

సీసా వాళ్లకు చాలలేదు. ఆమె ఇంట్లోంచే, కాచిపెట్టిన జిగురు గిన్నె తెచ్చారు. కొడుకు దవడలు పట్టుకుంటే శశిధర్ పోశాడు. జిగురు ముక్కులోంచి దూకింది. ఆమె కక్కుకుంది. మళ్లీ పోశారు. పోస్తున్నంతసేపూ ఎల్లమ్మ, ఆ జిగురు తీసుకున్న మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది. మాలో ఎవరి పేరు చెప్పినా ఆ గిన్నె ఆగేది. ఆమె చెప్పలేదు. చూపు నామీదికి వచ్చినప్పుడు నేను అందరికంటే గట్టిగా నవ్వాను. మా ఆయన పక్కనే ఉన్నాడు.

మర్నాటి నుంచి ఏ ఇంట్లోనూ ఆమె చేత పాలు పోయించుకోలేదు. బాలనర్సింహ బర్రెలను అమ్మేసి, తల్లి కంచం ఖాళీ కొట్టంలోకి విసిరాడు. "బయట మొఖం ఎత్తలేకపోతున్న. నువ్వు సస్తె పీడ పోతది," అన్నాడు. ఆమె కొట్టంలోనే పడుకుంది, అక్కడే వండుకుంది.

ఏడాది తర్వాత మంట తిరగబెట్టి ఉదయశ్రీ కొట్టం దగ్గరికి వెళ్లింది. "ఎల్లమ్మా, ఒక్కసారి కాచిస్తావా?"

"నాకేం కాచుడు రాదమ్మా," అంది ఎల్లమ్మ, తల ఎత్తకుండా.

ఎలా కాయాలో చెప్పమని ఉదయశ్రీ కాళ్లు పట్టుకుంది. ఎల్లమ్మ కాళ్లు వెనక్కి తీసుకుని తలుపు వేసుకుంది.

రెండువేల ఐదు వానల్లో ఆమె పోయింది. చివరి స్నానం చేయించడానికి సందులోంచి ఒక్క ఆడదీ వెళ్లలేదు. కొడుకే బిందె ఎత్తి, బట్టల మీదే దూరం నుంచి నీళ్లు కుమ్మరించాడు. నేను కిటికీ దగ్గర నిలబడి అంతా చూశాను. తర్వాత పొయ్యి మీద పప్పు మాడుతుంటే లోపలికి వెళ్లాను.