మొగ్గు

అరవైల చివర్లో నేను పలాస హైస్కూల్లో లెక్కల మేస్టారిని. కోపం ముక్కు మీదే ఉండేది. ఆల్జీబ్రా ఎంత చెప్పినా పిల్లల బుర్రకెక్కక, ఓరోజు తక్కెడ తెచ్చి కిటికీ ఊచకి కట్టాను. ఒక పళ్లెంలో ఎక్స్ అని రాసిన జీడిపిక్కల మూట, పక్కన మూడు విడి పిక్కలు. రెండో పళ్లెంలో ఎనిమిది పిక్కలు. రెండువైపులా మూడేసి తీస్తే మూటలో ఎన్నున్నాయో తేలిపోతుందని చెప్పి, ఉద్దానం నుంచి వచ్చే ఒక పిల్లని పిలిచాను.

చక్కగా తీసింది. ముల్లు నిటారుగా నిలిచింది. వెంటనే మూట వైపు ఇంకో పిక్క వేసేసింది.

“ఏటే అది?” అని అరిచాను.

“మొగ్గు సూపాల కదండీ. సరిగ్గా తూత్తే కొన్నోళ్లు ఉసూరుమంటారని మాయమ్మ తిడతాది.”

“ఇది సంత కాదు, సమీకరణం! తియ్యి!”

తీసింది గానీ, పిసినారిని చూసినట్టు చూసింది నన్ను.

ఆ వారం సంతలో వాళ్లమ్మ దగ్గరే వంకాయలు కొన్నాను. పిల్లే తూచింది. ముల్లు నిలిచాక పైన ఇంకో కాయ వేసి, దాని మీంచి చెయ్యి తియ్యకుండా అడిగింది.

“ఇది తీసీమంటారేటి, మేస్టారూ?”

నేను సంచి మూతి ఇంకాస్త వెడల్పుగా తెరిచి పట్టుకున్నాను.