గిడ్డమ్మ దాచిన నెత్తురు

గిడ్డమ్మ నోరు మా ఊళ్ళో ఎవరికి తెలియదు కనక. కోసిగి మండలంలో మాదొక చిన్న ఊరు. వానలు ముఖం చాటేసిన ఏడాది సగం ఊరు గుంటూరు మిరప చేలకు కూలికి పోతుంది. ఆ గుంపును వెంటబెట్టుకొని, లారీ డ్రైవరుతో పోట్లాడి ఆడవాళ్ళకు మంచి చోటు ఇప్పించేది గిడ్డమ్మే. అట్లాంటి మనిషి ఈ వేసవిలో రెండు నెలలు నోరు మెదపకుండా ఒక భయాన్ని మోసింది. నేను మా ఊరి అంగన్‌వాడీ టీచర్ని. పేరు నాగలత. రోజూ వాళ్ళ వాకిలి ముందు నుంచే నడుస్తాను. అయినా కనిపెట్టలేకపోయానని నా మీద నాకే కోపం.

పన్నెండేళ్ళ కిందట ఆమె మొగుడు అయ్యన్న టీబీతో పోయాడు. ఆరు నెలలు మింగాల్సిన మాత్రలను, ఒళ్ళు కుదుటపడిందని రెండు నెలలకే మానేసి కూలికి పోయాడు. జబ్బు తిరగబెట్టింది. చివరి రోజుల్లో దగ్గితే నెత్తురు పడేది. ఆ గుడ్డలన్నీ ఉతికింది గిడ్డమ్మే. అందుకే నోట్లోంచి నెత్తురు పడిందంటే ఆమెకు తెలిసిన కారణం అదొక్కటే.

మొన్న మార్చిలో మిరపకాయలు కోస్తుండగా ఆమె ముక్కులోంచి నెత్తురు కారింది. వేడి చేసిందన్నారు. మనవాళ్ళు ఎప్పుడూ చేసేదే చేశారు. వెల్లకిలా పడుకోబెట్టి, నెత్తిన తడిగుడ్డ వేసి, ఉల్లిగడ్డ వాసన చూపించారు. కాసేపటికి ఆగినట్టే కనిపించింది. గంట తర్వాత ఆమె గట్టు అవతలికి పోయి వాంతి చేసుకుంది. నల్లగా, గడ్డలు గడ్డలుగా నెత్తురు. దాని మీద మన్ను కప్పేసి, కూతురి కాన్పు దగ్గర పడిందని చెప్పి మర్నాడే బస్సెక్కింది.

కూతురు మహాదేవికి అది తొలి కాన్పు. ఆడపిల్ల పుట్టింది. గిడ్డమ్మ బాలింతకు వండిపెట్టింది, గుడ్డలు ఉతికింది, పాపను మాత్రం ఒక్కసారీ ఎత్తుకోలేదు. నీళ్ళు పోయడానికి పక్కింటి భీమక్కను పిలిచేది. నడుము నొప్పి అనేది. బస్తాలు ఎత్తే మనిషికి మూడు కిలోల పాప బరువైందా అని వాడకట్టంతా నవ్వుకుంది. మహాదేవికి నవ్వు రాలేదు.

మే నెలలో ఒక బుధవారం బాలింతలకిచ్చే గుడ్లు తీసుకుపోతే మహాదేవి నాతో అంది. "మా యమ్మకు మొగపిల్లోడు కావల్లక్కా. ఆడపిల్లని దీన్ని ముట్టను కూడా ముట్టలేదు. ఆదివారం మా అత్తోళ్ళింటికి పోతాండా. మళ్ళా ఈ గడప తొక్కను."

నేనూ నమ్మాను. నాలుగు మాటలు అని కడిగేద్దామనే పెరట్లోకి పోయాను. గిడ్డమ్మ ఒక్కతే గోడ పక్కన కూర్చొని, తనకని విడిగా పెట్టుకున్న పళ్ళెంలో అన్నం తింటోంది. నన్ను చూసి లేవబోయింది. అంతలో ముక్కులోంచి నెత్తురు జారింది. వెంటనే తల వెనక్కి వాల్చి గుటక వేసింది.

"ఎన్నాళ్ళ నుంచి పెద్దమ్మా ఇది?"

"మీ పెదనాయన జబ్బే నాకూ వచ్చినాది. నెత్తురు కక్కినా. నా గాలి పసిబిడ్డకు తగులుతాదని దూరంగా ఉండా. మాదేవికి చెప్పొద్దు. పచ్చి బాలింత, తట్టుకోలేదు."

వచ్చిన కోపం ఇంకో దారి పట్టింది. "జబ్బే అయితే దాచిపెట్టి ఇదే ఇంట్లో తిరుగుతాండావా? పెదనాయన మాత్రలు మానేసి పోయినాడు. అవి పూర్తిగా మింగినోళ్ళు బతికుండారు. రేపు పొద్దున ఆదోనికి నడువు," అన్నాను. లారీ డ్రైవర్లతో పోట్లాడే మనిషి చిన్నపిల్లలా తల ఊపింది. అది చూసి నాకూ భయమేసింది.

ఆదోనిలో డాక్టరమ్మ ముక్కులోకి లైటు వేసి చూసింది. ముందు భాగంలో, నడిమి గోడ మీద చిన్న పగులు. ఎండ గాలికి, మిరప ఘాటుకు లోపలి పొర ఎండి పొక్కు కట్టిందట. పొక్కు గిల్లుతావా అని అడిగితే గిడ్డమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"మరి నెత్తురు కక్కినా గదమ్మా?"

"తల వెనక్కి వాలిస్తే నెత్తురు గొంతులోకి దిగుతుంది. కడుపు దాన్ని ఉంచుకోదు, నల్లగా బయటికి తోసేస్తుంది. నువ్వు మింగిందే నువ్వు కక్కావు," అంది డాక్టరమ్మ.

ఇంకోసారి కారితే ఏం చేయాలో చేసి చూపించింది. కూర్చొని తల కాస్త ముందుకు వంచాలి. ముక్కు మెత్తటి భాగాన్ని రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకొని నోటితో గాలి పీల్చాలి. గడియారం చూసి పది నిమిషాలు, మధ్యలో వదిలి చూడకూడదు. నోట్లోకి వస్తే ఉమ్మేయాలి. ఆగకపోతే ఇంకో పది నిమిషాలు, అప్పటికీ ఆగకపోతే ఆసుపత్రికి రావాలి. ముక్కులో రాసుకోవడానికి మందు ఇచ్చింది. బీపీ బాగానే ఉంది. అయినా ఇంట్లో టీబీ చూసిన మనిషి కదా అని ఎక్స్‌రే తీయించి, తెమడ పరీక్ష రాసింది. ఫలితం శనివారం అన్నారు.

ఆ రెండు రోజులు గిడ్డమ్మకు అన్నం దిగలేదు. శనివారం టీబీ లేదని చెప్పారు. ఆమె మూడుసార్లు అడిగింది, వాళ్ళు మూడుసార్లూ అదే చెప్పారు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చొని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

ఇంటికి వచ్చేసరికి మహాదేవి బట్టలు సంచిలో సర్దుతోంది. సంగతంతా నేనే చెప్పాను. ఆ పిల్ల సంచిలోని బట్టలు తిరిగి బయట పెట్టింది.

"నిన్ను ఏమేమో అనుకొంటి గదమ్మా."

"అనుకుంటే అనుకోనీ, బిడ్డ బాగుంటే సాలని ఊరుకుంటి."

మహాదేవి పాపను తెచ్చి తల్లి ఒడిలో పెట్టింది. గిడ్డమ్మ పాప వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి చూసింది. ఆ చూపు కోసమే రెండు నెలలుగా ఎదురుచూసిన మహాదేవి గుమ్మానికి ఆనుకొని కళ్ళు తుడుచుకుంది. సరిగ్గా అప్పుడే గిడ్డమ్మ ముక్కులోంచి ఒక చుక్క రాలింది. మహాదేవి పాపను అందుకోబోయింది. గిడ్డమ్మ ఎడమ చేత్తో పాపను ఆ పక్కకు ఒత్తుకొని, ఈ పక్కకు వంగి, కుడి చేత్తో ముక్కు నొక్కిపట్టింది.

"గడియారం సూడు నాగలతా," అంది మూసిన ముక్కుతోనే. "పది నిమిసాలే గదా. పాప నాకాడే ఉండనీ."

పది నిమిషాలకు నెత్తురు ఆగింది. పాపను మాత్రం సాయంత్రం దాకా ఎవరికీ ఇవ్వలేదు.