పంది కొవ్వుతో నడిచే ఇంటికప్పు

మా అమ్మమ్మ ఎదెల్మీరా పద్నాలుగో ఏట ‘లా తోర్కాసా’ కాఫీ తోటలో పనికి కుదిరింది. వంటకు కాదు, కోతకూ కాదు. ఇంటికప్పు తొయ్యడానికి.

మా కొండల్లో పాత తోట ఇళ్లు అలాగే ఉంటాయి. వెదురు తడికలకు మట్టీ గుర్రపు పేడా కలిపి మెత్తిన గోడలు. పై అంతస్తంతా కాఫీ గింజలు ఎండబెట్టే చెక్క నేల. దానికి అటూ ఇటూ ఇనుప పట్టాలు, వాటి మీద చక్రాలున్న రేకుల కప్పు. ఎండ కాస్తే కప్పును వెనక్కి తోస్తారు, వాన వాసన రాగానే ముందుకు తెస్తారు. ఆ వాసన పట్టే ముక్కు అమ్మమ్మది. ఇల్లు కట్టించిన యజమాని పేరు గుమ్మం మీద చెక్కి ఉంది. అరవై మూడేళ్లుగా దాన్ని తడవనివ్వని మనిషి పేరు ఎక్కడా లేదు.

ఆ ముక్కు ఒక్కసారే తప్పింది. మా తాత అనీబాల్ గింజలు తిరగేసే చెక్క పారకు ఆనుకుని, “నన్ను చేసుకుంటావా?” అని అడిగిన మధ్యాహ్నం. కుండపోతగా కురిసి పన్నెండు బస్తాల కాఫీ నానిపోయింది. ఆ బూజు కాఫీనే వాళ్ల పెళ్లిలో పోశారు.

“వానొస్తుందని నిజంగా తెలీలేదా అమ్మమ్మా?” అని అడిగితే, “తెలిసింది. నీకెందుకే?” అంటుంది.

నిరుడు యజమానులు ఇంటిని సందర్శకుల కోసం తెరవాలనుకున్నారు. పట్నం నుంచి ఓవిదియో అనే ఇంజనీరును పిలిపించారు. అతను కప్పుకు నాలుగు బోల్టులు బిగిస్తానన్నాడు.

“కదిలే కప్పు ప్రమాదం, మామ్మగారూ. అయినా ఈ తుప్పుది ఇంకా కదుల్తుందా?”

“కదలకపోతే బిగించుకో. కదిలిందా, నీ బోల్టులు నీ జేబులోనే.”

“సరే. మంగళవారం చూద్దాం.”

సోమవారం అతని మనుషులు ఇల్లంతా కడిగారు. మంగళవారం పొద్దున్నే అతను పై అంతస్తు చెక్క నేల మీద ఇంటి ప్లాన్ కాగితాలన్నీ పరిచి, ఎగరకుండా రాళ్లు పెట్టి, ఫొటోలు తీసుకుంటున్నాడు. నేను మెట్ల మీద కూర్చుని ఎర్ర చిక్కుడు గింజలూ, వేయించిన పంది తోలూ తింటున్నాను. అమ్మమ్మ ముక్కు ఎగబీల్చింది.

“కాగితాలు తియ్యి బాబూ. వానొస్తోంది.”

“సాయంత్రం దాకా ఎండేనని ఫోన్లో ఉంది.”

“దానికి ముక్కుందా?”

అమ్మమ్మ ఒక పక్క, నేనొక పక్క తోశాం. కప్పు కదల్లేదు. మొదటి చినుకు పడింది. ఆమె వంగి పట్టాను వేలితో తడిమింది. అద్దంలా మెరుస్తోంది.

“దీని మీది కొవ్వేదీ?”

“జిడ్డు పట్టిందని సబ్బుతో కడిగించాను.”

“జిడ్డా! చక్రాలు జారడానికి పూసిన యాభై పందుల కొవ్వు నాయనా అది!”

అతను జేబులోంచి బోల్టులు తీశాడు. ఆమె వాటికేసి చూసింది. తర్వాత ఆమె చూపు నా కంచం మీద పడింది.

“అమ్మమ్మా, అది నాది!”

అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని పంది తోలుతో పట్టాను రుద్దేస్తోంది. ఓవిదియో బోల్టులు కింద పడేసి, నా కంచంలో మిగిలిన ముక్క లాక్కుని రెండో పట్టా మీద పడ్డాడు. ముగ్గురం కలిసి తోశాం. కప్పు మూలిగింది. కదిలింది.

రేకుల మీద వాన దబదబా కొడుతోంది. మూడు ప్లాన్ కాగితాలు తడిసి ముద్దయ్యాయి. అతను ముఖం తుడుచుకోబోయి చెంపలకంతా కొవ్వు పూసుకున్నాడు.

“మామ్మగారూ, ఇంకోసారి తొయ్యనిస్తారా?”

“వాన తగ్గనీ.”

ఆ బోల్టులు ఇప్పుడు వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా ఆపుతున్నాయి. నా పంది తోలు సంగతి మాత్రం ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు.