హెన్రీ వేసిన ఊడని అతుకు

ఇందుకూరుపేటలో హెన్రీ బాగుచేసిన వస్తువు ఏదైనా ఒక షరతు మీద పనిచేస్తుంది. ఫ్యానైతే రెక్కను ముందు చేత్తో తిప్పాలి. టీవీ అయితే రిమోటును గోడవైపు చూపించాలి. అవి నిజంగా కావలసిన షరతులో, అతను సరదాకి పెట్టినవో ఎవరికీ తెలియదు. పక్కింటి కామమ్మక్క తన మిక్సీని "తిరుగు తల్లీ" అని బతిమాలి గాని స్విచ్చి వేసేది కాదు. అట్లా అడక్కపోతే మోటారు అలుగుతుందని ఆమెకు చెప్పింది హెన్రీయే. ఆ సంగతి విని మా ఆయన క్రీస్తురాజు నవ్వి నవ్వి పొలమారితే, నేను వీపు చరచాల్సి వచ్చింది.

వాళ్ళిద్దరిదీ చిన్నప్పటి జత. ఒకరు అల్లరి మొదలుపెడితే ఇంకొకరు పూర్తిచేసేవారు. మా ఆయన పోయాక హెన్రీ చేసేదంతా సగం అల్లరేనని చర్చిలో అనుకునేవారు.

ఏడాది తిరిగింది. జ్ఞాపకార్థ కూడిక మా వాకిట్లోనే పెట్టుకున్నాం. మా అమ్మాయి అత్తగారు గూడూరు నుంచి వస్తోంది. మా ఆయన పోయాక కుదిరిన సంబంధం కాబట్టి ఆమె ఆయన్ను ఫోటోలోనే చూసింది. ఆయన ఎలాంటి మనిషో ఆమె మొదటిసారి వినేది ఆ రోజే.

చెప్పబోయేది సంఘపెద్ద సుశీల్ కుమార్ గారు. నా భయమంతా అదే. ఒక క్రిస్మస్ నాటకంలో మా ఆయన హేరోదు రాజు వేషం కట్టి, రాజు మాటలన్నీ సుశీల్ కుమార్ గారి గొంతుతో, దగ్గుతో సహా చెప్పాడు. పెద్దాయన ఆయన్ను పాటల బృందంలోంచి ఒక ఏడు పక్కన పెట్టించారు. అప్పట్నుంచి క్రమశిక్షణ మాట వస్తే చాలు, ఆ కథే తీస్తారు. కొత్త వియ్యపురాలి ముందు ఆ మాట రాకూడదని పొద్దున్నుంచీ ప్రార్థన చేసుకుంటున్నాను.

ఇంతలో హెన్రీ మోపెడ్ మీద చర్చి మైకుపెట్టె తెచ్చి, దించబోయి కింద పడేశాడు. మూత విప్పితే, మైకు వైరు గుచ్చే చోట బోర్డు మీది రాగి గీత పెచ్చులాగా లేచిపోయి ఉంది. కరెంటు లేదు. పెట్టె బ్యాటరీతో నడుస్తుంది గాని సోల్డరింగు కడ్డీ నడవదు.

"వదినా, స్టవ్ వెలిగించు."

"కాఫీకా?"

"కాదు, సోల్డరింగుకి."

గోతాలు కుట్టే దబ్బనానికి గుడ్డ చుట్టి మంట మీద కాల్చాడు. పాత ఛార్జరు వైరును పళ్ళతో ఒలిచి సన్నటి రాగిపోగు లాగాడు. పాత రేడియో బోర్డు మీంచి కాస్త సీసం కరిగించాడు. సీసం పట్టుకోవడానికి పేస్టు లేదంటే, అటక మీది గుగ్గిలం తీసిచ్చాను. మా ఆయన పడవలు బాగుచేసేవాడు. పలకల సందులు పూడ్చడానికి తెచ్చుకున్నదది. వంటిల్లంతా పొగ.

"సుశీల్ కుమార్ గారు హేరోదు కథ ఎత్తుతారేమో హెన్రీ."

అతను దబ్బనాన్ని మళ్ళీ మంట మీద పెట్టాడు. "ఎత్తకుండా ఉంటాడా? అందుకే ఈ అతుకు కచ్చాగా వేస్తుండా. కొన మాత్రం ఆనిస్తా. హేరోదు అనంగానే పెట్టెని ఒక్క తట్టు తడతా, ఊడిపోద్ది. మైకు పోతే ఆయన కూర్చుంటాడు. ఉత్త గొంతుతో మాట్లాడేది ఆయనకి నామోషీ. పాటలప్పుడు నేను వైరు ఒత్తి పట్టుకుంటాలే."

"పాపం కాదా?"

"నాకెందుకు పాపం? దబ్బనం నీది, గుగ్గిలం నీది."

కూడిక మొదలైంది. వియ్యపురాలు నా పక్కనే కూర్చుంది. సుశీల్ కుమార్ గారు లేచి మైకు అందుకున్నారు.

"క్రీస్తురాజుని నేను ఒక ఏడాది పక్కన పెట్టించినా. ఎందుకంటే, హేరోదు వేషంలో..."

హెన్రీ పెట్టెను తట్టాడు. ఏమీ కాలేదు. మోకాలితో పొడిచాడు. అరచేత్తో గట్టిగా చరిచాడు. పెద్దాయన ఆగి చూశారు.

"ఏందబ్బయా, దోమలా?"

"అవునయ్యా. పెట్టెలో దూరుండాయి."

ఈసారి వైరు పట్టి గుంజాడు. గొంతు ఇంకా ఖంగున పలికింది. నేను తలదించుకున్నాను.

"నాకు కోపం వచ్చింది నాటకానికి కాదు," అంటున్నారు పెద్దాయన. "ఇంటికి పోయినాక మా ఆవిడ అనింది, నిన్ను ఆ పిల్లోడు చూసినట్టు నేను కూడా చూళ్ళేదయ్యా అని. అదీ నా కోపం. వాడు ఎట్టా చేసినాడంటే..."

నడుం మీద చెయ్యి పెట్టి, భుజం కాస్త వంచి దగ్గారు. అది ఆయన దగ్గు కాదు. ఆయన దగ్గును మా ఆయన దగ్గిన దగ్గు. చివర్లో చిన్న ఈల కూడా అట్లాగే వచ్చింది. వాకిలంతా గొల్లున నవ్వింది. హెన్రీ పెట్టె మీద చెయ్యి అట్లాగే ఉంచి నిలబడిపోయాడు.

వియ్యపురాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నావైపు వంగింది. "మా వియ్యంకుడు ఇట్టాంటి మనిషా?"

"ఇట్టాంటి మనిషే," అన్నాను. నవ్వు ఆగలేదు. ఏడాదిగా నా నోట రానిది.

అందరూ వెళ్ళాక హెన్రీ వంటింటి గడప మీద కూలబడ్డాడు. "వేసినవన్నీ ఊడతాయి. ఊడాల్సింది మాత్రం ఊడలా. నా పరువు పోయింది వదినా."

"గుగ్గిలం మా ఆయనది కదా. ఆయన పూడ్చిన పడవ ఏదన్నా నీళ్ళు పట్టిందా?"

అతను లేచి, పెట్టెను ఈసారి రెండు చేతులా పట్టుకుని మోపెడ్ మీదికి ఎక్కించాడు.

ఆ తర్వాతి ఆదివారం చర్చిలో సుశీల్ కుమార్ గారు ప్రకటనలు చదవడానికి లేచారు. అవి ఎప్పటికీ అయిపోవు. క్రమశిక్షణ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి మైకు ఆగిపోయింది. అందరి తలలూ హెన్రీ వైపు తిరిగాయి.

"దేవుని తోడు, నేను ముట్టుకోలా," అన్నాడతను. ఎవరూ నమ్మలేదు.

నేను మాత్రం నమ్మాను. ఆడవాళ్ళ చాప కిందుగా పెట్టెకు పోయే మైకు వైరును మధ్య జాయింటు దగ్గర కాలి వేలితో ఊడలాగింది నేనే.