గట్టు మీద వట్టి కాళ్లతో

రోటోటూనాలో మా ఇంటి హాల్లో ఒక ఫోటో ఉండేది. కంబోడియాలో ఓ వరిపొలం, అందులో వట్టి కాళ్లతో నేను, నా పక్కన ఆ పొలం గల ఆవిడ. తీసింది అన్న. సొంత అన్న కాదు. ఇన్వర్‌కార్గిల్‌లో చదువుకునే రోజుల్లో నాతో ఒకే ఫ్లాట్‌లో ఉన్నవాడు, చలికి మొరాయించే నా కారును తిట్టుకుంటూనే స్టార్ట్ చేసిపెట్టినవాడు. మందుపాతరలు తీసే పనికి నన్ను కంబోడియా తీసుకెళ్లింది అతనే. అక్కడ మా జట్టుకు పెద్ద కూడా అతనే.

ఆ పనిలో ఒక ఆచారం ఉంది. నేలంతా వెతికి, ఊరివాళ్లకు అప్పగించే రోజున, ముందు మేమే దాని మీద నడవాలి. మేం నడిస్తేనే వాళ్లు నమ్ముతారు. కాలువ గట్టు వైపు పని అన్న చూసుకున్నాడు. "గట్టు గూడ అయిపోయింది, నడువురా" అన్నాడు. పొలంలోకి చెప్పులతో దిగని ఇంట్లో పుట్టినవాణ్ణి, బూట్లు విప్పేశాను. నన్ను చూసి ఆవిడా చెప్పులు విడిచింది. పొలమంతా తిరిగి గట్టెక్కాం. అన్న రోడ్డు మీదే నిలబడి ఫోటోలు తీశాడు. మెప్పంతా నాకే వదిలేశాడని వెర్రివెంగళప్పలా మురిసిపోయాను.

మొన్న శనివారం అన్న మా ఇంటికి భోజనానికి వచ్చాడు. ఆ పొలం గల ఆవిడ అప్పుడప్పుడూ వీడియోలు పంపుతుంటుంది. ఆ సాయంత్రం వచ్చినదాంట్లో, గట్టు తవ్వి కూరగాయలు వేస్తానంటూ పలుగు చూపించింది. అన్నకు చూపించాను. చేతిలో ముద్ద తిరిగి పళ్లెంలో పెట్టేశాడు.

"గట్టు తవ్వొద్దని చెప్పు."

"ఎందుకు?"

"అటు దిక్కు చూడలేదురా. టైం లేకుండె."

"మరి నన్నెందుకు నడవనిచ్చావన్నా?"

"నువ్వు నడవకుంటే వాళ్లు నమ్మకపోతుండె. ఏం కాలే గద."

ఏం కాలేదట! ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లుగా ఆ ఫోటో కిందే కూర్చుని తిన్నాడు, నవ్వాడు, నా కూతుర్ని ఎత్తుకున్నాడు. ఒక్కసారి నోరు విప్పలేదు. నా ప్రాణం సరే, నన్ను చూసి చెప్పులు విడిచిన మనిషి మాటేమిటి?

వీడియో కాల్ చేశాను. అక్కడ మధ్యాహ్నం. ఆవిడ గట్టు మీదే ఉంది. ఆవిడ కూతురికి ఇంగ్లీషు వచ్చు, రోడ్డు మీద నిలబడి ఆ అమ్మాయే మాట్లాడింది. తవ్వొద్దు, ఎక్కిన అడుగుల్లోనే అడుగులు వేస్తూ దిగిరమ్మని చెప్పమన్నాను. ఆవిడ నవ్వింది. నువ్వు నడిచావు కదా అందట.

"అక్కడ వెతకలేదట. నాకూ ఇప్పుడే తెలిసింది" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. ఒక్కో అడుగూ చూసుకుంటూ దిగింది. రోడ్డు చేరాక ఏదో అడిగింది. మిగతా పొలంలో నడవచ్చా అని అడుగుతోందని కూతురు చెప్పింది.

అన్న వైపు తిరిగాను. "మిగిలిందంతా చూసినం రా, ఒట్టు" అన్నాడు.

ఆ మాట ఆవిడకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. "తెలీదమ్మా" అన్నాను. ఆవిడ రోడ్డు పక్కన విడిచిన చెప్పులు తొడుక్కుంది.